కలిపేముందు కొన్ని మాటలు



తల్లీ, పీహెచ్‌డీలో చేరావని మీ నాన్న ఈ పెదనాన్నకు ఫోన్ చేసి చెప్పినప్పుడు ఎంత సంతోషించానో, నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన చదివాక అంతకు రెట్టింపు సంతోషించాను. వాము, లవంగం, నిమ్మగడ్డి నూనెలకు విటమిన్లు జతచేసి, మందులకు లొంగని క్రిములమీద పరీక్షించి చూస్తానన్నావు. మంచి పని ఎంచుకున్నావు. అందులో చెయ్యి పెట్టేముందు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కలిపితే బలం పెరిగి తీరుతుందన్న నమ్మకంతో మొదలుపెట్టకు. కలిపితే ఏమవుతుందో, చెడుతుందో కూడా, చూడాలన్న కుతూహలంతో మొదలుపెట్టు. మిగతా ఉత్తరమంతా ఈ మాటకు వివరణే. తీరిగ్గా చదువు.

సమస్య తీవ్రత గురించి నువ్వు రెండు వాక్యాలు రాసి వదిలేశావు. ఆ వాక్యాల వెనకున్న మనుషుల్ని మరిచిపోకు. 2019లో ప్రపంచం మొత్తమ్మీద 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. ఆ క్రిముల పాత్ర ఎంతో కొంత ఉన్న మరణాలన్నీ కలిపితే సుమారు 50 లక్షలు. ఆస్పత్రి ల్యాబులో పనిచేసిన నాకు ఆ అంకెలు చూడగానే ఒక కాగితం గుర్తొస్తుంది. ఐసీయూలో ఉన్న రోగి కల్చర్ రిపోర్టు అది. ఎడమవైపు వరసగా యాంటీబయాటిక్‌ల పేర్లుంటాయి. వాటికెదురుగా పైనుంచి కిందిదాకా ‘ఆర్’, ‘ఆర్’, ‘ఆర్’. అంటే ఆ మందు ఆ క్రిమిమీద పనిచేయదని. అట్టడుగున కొలిస్టిన్ ఒక్కటే మిగులుతుంది. కిడ్నీలను దెబ్బతీస్తుందని డాక్టర్లు ఎప్పుడో పక్కనపెట్టిన మందు అది. గత్యంతరం లేక మళ్లీ బయటికి తీశారు. ఆ కాగితం చేత్తో పట్టుకుని వరండాలో నిలబడ్డ కొడుక్కి ఏం చెప్పాలో ఎవరికీ తోచదు. నీ పరిశోధన అతనికోసం. అందుకే ‘ప్రకృతిసిద్ధం’, ‘దుష్ప్రభావాలు లేనిది’ లాంటి మాటలు నీ ప్రతిపాదనలోంచి కొట్టేయమంటున్నాను. అవి అతనికి అక్కరకు రావు.

వాము గురించి గర్వపడాలంటే నిజమైన చరిత్రే ఉంది. ఆయుర్వేద దుకాణంలో వాము పువ్వు అని అమ్మే తెల్లటి పలుకులు థైమాలే. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీ వెళ్లేది. అక్కడ దాన్నుంచి థైమాల్ తీసేవాళ్లు. గత శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొంకిపురుగు మీద రాక్‌ఫెల్లర్ కమిషన్ పెద్దఎత్తున పని చేసినప్పుడు రోగులకు ఇచ్చిన మందు ఇదే. ఆ మందు వేసుకున్న రోజు సారా, నూనె, కొవ్వు పదార్థాలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పేవాళ్లు. ఎందుకంటే అవి థైమాల్‌ను కరిగించి రక్తంలోకి ఎక్కిస్తాయి, అప్పుడది పురుగుతోపాటు మనిషికీ విషమవుతుంది. మెరుగైన మందులు రాగానే దాన్ని మానేశారు. వాములోని సారం ఒకప్పుడు ఇంగ్లీషు వైద్యం నడిబొడ్డునే ఉండేది. మేలు చేసింది, కీడూ చేసింది. థీసిస్ ముందుమాటలో మేలు ఒక్కటే రాస్తే సగం చరిత్రే రాసినట్టు. నోరు పుక్కిలించే లిస్టరీన్‌లో ఇప్పటికీ థైమాల్ ఉంది. గమనించు, అది పుక్కిలించి ఉమ్మేసేదే, మింగేది కాదు. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ నూనెలు క్రిమిని ఎలా చంపుతాయో నీకు పాఠంలా తెలుసు. థైమాల్, కార్వక్రాల్, యూజినాల్ కొవ్వులో కరిగే స్వభావం ఉన్నవి. బ్యాక్టీరియా పొరలోకి చొరబడి దాన్ని వదులుచేస్తాయి. లోపలి పొటాషియం, ఏటీపీ బయటికి కారిపోతాయి. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ క్రిములు దీనికి తొందరగా లొంగుతాయి. సూడోమోనాస్ అలా లొంగదు. దానికి పైన ఇంకో పొర ఉంటుంది, లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోసేసే పంపులూ ఉంటాయి. నీ జాబితాలో స్టెఫైలోకాకస్ ఒక్కటే కనిపించింది. తేలిగ్గా లొంగేదాన్ని ఎంచుకుని లొంగదీశానని చెప్పుకోవడం నీ స్థాయికి తగదమ్మా. సూడోమోనాస్, క్లెబ్సియెల్లా కూడా చేర్చు. నూనె వాటి ముందు ఓడిపోతే ఓడిపోనీ. ఓడిపోయిందని అచ్చులో చదివితే ఇంకొకరికి ఒక ఏడాది శ్రమ తప్పుతుంది.

ఇంకో మాట. సీసామీద ‘వాము నూనె’ అని అంటించి ఉన్నంతమాత్రాన లోపల ఏముందో తెలిసినట్టు కాదు. ఏ నేలలో పండింది, ఏ నెలలో కోశారు, ఆవిరి ఎంతసేపు పట్టారు అన్నదాన్నిబట్టి థైమాల్ పాలు మారిపోతుంది. నిమ్మగడ్డిలో సిట్రాల్ సంగతీ అంతే. కాబట్టి ప్రతి సీసాలో ఏవేవి ఎంతెంత ఉన్నాయో ముందు గ్యాస్ క్రొమాటోగ్రఫీ చేయించు. సుగంధ మొక్కలమీద పనిచేసే సీమ్యాప్ వాళ్ల పరిశోధన కేంద్రం హైదరాబాద్‌లో బోడుప్పల్‌లోనే ఉంది. మొహమాటపడకుండా వెళ్లి అడుగు. నూనెతోపాటు శుద్ధమైన థైమాల్‌ను కూడా అదే ప్లేటులో పక్కన పెట్టు. నూనె మొత్తం పనిచేస్తోందా, అందులోని ఒక్క పదార్థమే పనిచేస్తోందా అన్నది తేలకుండా దానికి విటమిన్ కలపడం తొందరపాటు.

ఇక ప్లేటు దగ్గరికి వద్దాం. పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి.

96 గుంటల ప్లేటులో అడ్డంగా నూనెను, నిలువుగా విటమిన్‌ను సగానికి సగం పలచన చేసుకుంటూ పోతావు. చదరంగం బల్లలా ఒక్కో గడిలో ఒక్కో పాళ్ల కలయిక ఉంటుంది. మర్నాడు ఏ గుంటలో క్రిమి పెరగలేదో చూసి ఎఫ్‌ఐసీ లెక్క కడతావు. నూనె ఒంటరిగా 8 పాళ్లుంటేగాని క్రిమిని ఆపలేనిది, విటమిన్ తోడుంటే 2 పాళ్లకే ఆపిందనుకో, అది 0.25. విటమిన్ 64 పాళ్లు కావలసినచోట 8 సరిపోయిందనుకో, అది 0.125. రెండూ కూడితే 0.375. మొత్తం 0.5 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఒకదానికొకటి తోడ్పడినట్టు. 4 దాటితే ఒకదానికొకటి అడ్డుపడినట్టు. మధ్యలో ఉన్నదంతా ఏమీ చెప్పని ఫలితం. నీకు 0.75 వచ్చినప్పుడు ‘పాక్షిక తోడ్పాటు’ అని రాయాలని చెయ్యి లాగుతుంది. రాయకు. ఒకే క్రిమిని ఒకే మందుతో రెండుసార్లు పరీక్షించినా ఫలితం ఒక గుంట అటో ఇటో జరగడం మామూలే. ఆ ఒక్క గుంట తేడా చాలు, లెక్క మొత్తం మారిపోవడానికి. అందుకే ప్రతి ప్లేటూ మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో పెట్టు.

నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. ట్వీన్ 80 వేసి కలుపుతావు, సరే. ట్వీన్ ఒక్కటే వేసిన వరస కూడా ఉండాలి, అది క్రిమిమీద ఏం చేస్తోందో తెలియాలి. అంతకన్నా పెద్ద తంటా ఆవిరిది. ఈ నూనెలు 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో రాత్రంతా ఆవిరవుతూనే ఉంటాయి. ఆ ఆవిరి పక్క గుంటలోకి వెళ్లి అక్కడి క్రిమినీ అణచేస్తుంది. తెల్లారి చూస్తే విటమిన్ మాత్రమే ఉన్న గుంట తేటగా కనిపిస్తుంది, విటమినే చంపిందనుకుంటావు. కాబట్టి విటమిన్ ఒంటరి పరీక్షకు వేరే ప్లేటు వాడు. నూనె ప్లేటుకు గాలి చొరబడకుండా సీలు వెయ్యి. నూనె గుంటల పక్కనే ఏమీ వేయని, క్రిమి మాత్రమే ఉన్న గుంటలు కొన్ని వదులు. అవి మసకబారి ఉంటేనే ఆ ప్లేటును లెక్కలోకి తీసుకో.

విటమిన్ సి మరీ జాగ్రత్తగా చూడవలసింది. మొదటిది, అది ఆమ్లం. ఎక్కువ పాళ్లలో వేస్తే మీడియం పుల్లబడి క్రిమి ఆ పులుపుకే ఆగిపోతుంది. మీడియం పీహెచ్ సర్దిన వరస ఒకటి, సర్దని వరస ఒకటి పెట్టు. రెండోది, మీడియంలో ఇనుము, రాగి లేశమాత్రంగా ఉన్నా విటమిన్ సి ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. క్రిమిని చంపింది విటమినా, ఆ పెరాక్సైడా? కొన్ని గుంటల్లో పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైమ్ వేసి చూస్తే తేలుతుంది. మూడోది, క్రిమి బతికుందా లేదా తెలుసుకోవడానికి నువ్వు రాసిన రెజజురిన్ రంగు. బతికున్న క్రిమి నీలాన్ని గులాబీ చేస్తుంది. ఆ పని విటమిన్ సి తనంతట తానుగా కూడా చేయగలదు. క్రిమి లేని గుంట సైతం గులాబీ అయిపోతుంది. అందుకని రంగును నమ్మకుండా, గుంటలోంచి కాస్త తీసి అగార్ ప్లేటుమీద పూసి కాలనీలు లెక్కపెట్టు. శ్రమే. ఆ శ్రమ చేయనివాళ్ల పేపర్లు చాలా చదివాను.

విటమిన్ క్రిమిని చంపడానికి తోడ్పడినట్టే, కాపాడటానికీ తోడ్పడగలదు. 2013లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో విలియం జేకబ్స్ బృందం విటమిన్ సి క్షయ బ్యాక్టీరియాను గాజు సీసాలో చంపగలదని చూపింది. మందులకు లొంగని రకాలు కూడా చనిపోయాయి. ఇనుముతో కలిసి విటమిన్ సి పుట్టించే ప్రమాదకరమైన ఆక్సిజన్ అణువులే దానికి కారణమని తేల్చారు. పత్రికలన్నీ రాశాయి. అంతకుముందే, 2006లో, ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చూపారు. ఈ.కోలై మీద సిప్రోఫ్లాక్సాసిన్ ప్రయోగించేటప్పుడు విటమిన్ సి వేస్తే క్రిమికి రక్షణ దొరికింది, మందు దెబ్బ తగ్గింది. ఆ పని గురించి పత్రికల్లో పెద్దగా రాలేదు. ఒకే విటమిన్, ఒకచోట కత్తి, ఇంకోచోట డాలు. నీ జాబితాలో యాంటీబయాటిక్‌లు లేవు. నా మాట విని చేర్చు. రేపు నీ మిశ్రమం వాడే రోగి యాంటీబయాటిక్ కూడా వేసుకుంటాడు కదా. నూనె, విటమిన్ కలిసి ఆ మందుకు అడ్డుపడితే ఆ ప్రాణం పోయేది నీ వల్ల.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట, పుక్కిలించేదే గాని మింగేది కాదన్నది. జేకబ్స్ బృందం క్షయ క్రిమిని చంపడానికి వాడిన విటమిన్ సి 4 మిల్లీమోలార్. నోటిద్వారా మాత్రలు ఎన్ని మింగినా రక్తంలో అది 0.2 మిల్లీమోలార్ చుట్టుపక్కలే ఆగిపోతుంది. మిగతాది మూత్రంలో పోతుంది. నూనెల సంగతీ అంతే. అవి క్రిమిని ఆపడానికి మామూలుగా కావలసిన పాళ్లు యాంటీబయాటిక్ పాళ్లకు ఎన్నో రెట్లెక్కువ, అంత నూనె రక్తంలో ఉంటే మనిషి బతకడు. కనుక నీ మిశ్రమానికి చోటు శరీరం బయట ఉంది. పుండు, కాలిన చర్మం, నోరు, ఆస్పత్రి మంచం కమ్మీ, కెథటర్ గొట్టం. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని దానికోసమే పనిచెయ్యి. నాకైతే షుగర్ రోగి కాలిపుండు ఎంచుకోవాలని ఉంది. మన ఊళ్లలో వేళ్లు, పాదాలు పోగొట్టుకుంటున్నవాళ్లను చూసి చూసి చెబుతున్నాను. అయితే బ్యాక్టీరియా పొరను చీల్చే నూనె మన కణాల పొరనూ చీలుస్తుంది. మనిషి చర్మకణాలమీద, ఎర్రరక్తకణాలమీద అదే పాళ్లు పరీక్షించకుండా ‘సురక్షితం’ అన్న మాట రాయకు.

ఈ సందర్భంలో యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, కొంతకాలం అక్కడే లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు. మొక్కల మందుల విలువ ఆయనకు తెలియనిది కాదు. ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టనబెట్టుకుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం, కాలేయ సారంలో రక్తహీనతను తగ్గించేది ‘ఏదో’ ఉందని అందరూ అంటున్న రోజుల్లో, ఆ ‘ఏదో’ అన్నదాన్ని విడదీసింది. దాని నిర్మాణం తేల్చి 1945లో కృత్రిమంగా తయారుచేసి చూపింది. అదే ఫోలిక్ ఆమ్లం, ఒక విటమిన్. స్ప్రూకు మందు. ఆయన పరిశోధన సంచాలకుడిగా ఉన్న ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. అది తొలి టెట్రాసైక్లిన్, 1948లో లోకానికి వెల్లడైంది. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. విటమిన్, యాంటీబయాటిక్ ఒకే గూటినుంచి వచ్చాయి. సల్ఫా మందులు పనిచేసేది కూడా ఫోలిక్ ఆమ్లం దారిలోనే. బ్యాక్టీరియా దాన్ని తనే తయారుచేసుకోవాలి, మనకు తిండిలో దొరుకుతుంది. ఆ తయారీని ఆపితే క్రిమి పోతుంది, మనిషి నిలుస్తాడు. చూశావా, సారం దగ్గర ఆగిపోకుండా అణువుదాకా, అక్కడినుంచి అది చేసే పనిదాకా వెళ్లడం అంటే ఇదీ. నీ గది గోడమీద ఆయన బొమ్మ పెట్టుకో.

మనుషులమీద జరిగిన పరీక్షలు కూడా చదవమని చెబుతున్నాను. 2004లో బ్రిటన్‌లో ఎంఆర్ఎస్ఏ (మెథిసిల్లిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్) క్రిమి ఒంటిమీద ఉన్న రెండువందల పైచిలుకు రోగుల్లో కొందరికి టీ ట్రీ నూనె కలిపిన క్రీము, సబ్బు ఇచ్చారు. మిగతావాళ్లకు మామూలు చికిత్స. నూనె వాడినవాళ్లలో 41 శాతం మందికి, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 49 శాతం మందికి క్రిమి పోయింది. ముక్కులోని క్రిమిని తొలగించడంలో నూనె బాగా వెనకబడింది, చర్మంమీద మాత్రం బాగా పనిచేసింది. నిజాయితీగా చేసిన పని అది, అందుకే పనికొస్తుంది. విటమిన్ డి గురించి 2006లో గొప్ప ఆశ పుట్టింది, అది మన కణాల్లో క్రిమిని చంపే పదార్థాన్ని పుట్టిస్తుందని కనుక్కున్నారు. మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలమీద మూడేళ్లు పరీక్షించి 2020లో ప్రచురించారు, క్షయ సోకడం తగ్గలేదు. సెప్సిస్‌తో ఐసీయూలో చేరిన 872 మందితో చేసిన పరీక్ష 2022లో వచ్చింది. విటమిన్ సి నరంలోకి ఎక్కించినవాళ్లలో 44.5 శాతం మంది 28వ రోజుకు చనిపోవడమో, అవయవాలు తేరుకోక యంత్రాలమీదో మందులమీదో ఉండటమో జరిగింది. ఎక్కించనివాళ్లలో అది 38.5 శాతమే. విటమిన్ ఎంత ఇచ్చినా ఏంపోతుందిలే అనుకునేవాళ్లకు ఈ ఒక్క అంకె చూపించు.

ఇప్పుడు ఇంటి సంగతి. నువ్వు ఈ విషయంమీద పీహెచ్‌డీ చేస్తున్నావని తెలిసిన దగ్గరనుంచి బంధువులంతా నిన్నే అడుగుతారు. మీ అమ్మమ్మ దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుదాకా. నువ్వు చెప్పే మాటకు డాక్టర్ మాటంత విలువ ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చెప్పు. నీలగిరి తైలం, కర్పూరం పసిపిల్లల ముక్కుకు రాయొద్దని, చేతికందేలా పెట్టొద్దని చెప్పు. కొద్దిగా మింగినా మూర్ఛ వస్తుంది. లవంగ నూనె మింగిన పసిపిల్లలకు కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ రాసినప్పుడు జింకు, ఇనుము ఉన్న మల్టీవిటమిన్ మాత్ర వాటితోపాటే ఒకే గుక్కలో మింగొద్దని చెప్పు. ఆ ఖనిజాలు మందును పేగులోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగా వెళ్లనివ్వవు. చాలా ఇళ్లలో రెండూ ఒకే చేతిలో పోసి ఇస్తారు, నేను చూశాను. ఎంత ఎడం పాటించాలో డాక్టర్నో ఫార్మసిస్టునో అడిగి తెలుసుకోమను. మందు అట్టమీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా కొనకూడదని చెప్పు. ఆ గీత ఏమిటో జనానికి చెప్పడానికి ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది, ఇంకా తెలియనివాళ్లే ఎక్కువ. నీ పరిశోధన ఫలితం వచ్చేదాకా ప్రాణాలు కాపాడేది ఈ చిన్న జాగ్రత్తలే.

ఏదైనా కంపెనీ నీ ప్లేటు ఫలితం చూసి ‘యాంటీ బ్యాక్టీరియల్’ అని సీసామీద వేసుకోవడానికి వస్తే, మీ గైడుగారితో మాట్లాడకుండా ఒక్క కాగితంమీదా సంతకం పెట్టకు. డబ్బు అవసరం పడితే మీ నాన్నకన్నా ముందు నాకు చెప్పు.

మొదటి ఆరు నెలల ప్లేట్లు అయ్యాక నోటుపుస్తకం ఫొటోలు తీసి పంపు. తోడ్పడినవాటితోపాటు, విటమిన్ చేరాక నూనె బలం తగ్గిపోయిన గుంటలూ, యాంటీబయాటిక్‌కు అడ్డుపడిన గుంటలూ అన్నీ పంపు. అవి థీసిస్‌లో వేరే పట్టికగా అచ్చు కావాలని నా కోరిక. మీ గైడుగారు అక్కర్లేదంటే నా పేరు చెప్పి మాట్లాడు, లేదా నన్నే ఫోన్‌లో కలుపు. ఆ పట్టిక మాత్రం వదిలేయకు తల్లీ.